అమెరికాలో గన్ ముట్టుకునే ముందు: వీసా, కొనుగోలు, దొంగ అమ్మకాల గురించి మనవాళ్లకి ఒక గైడ్

డల్లాస్, అట్లాంటా వైపు ఉండే మనవాళ్ల వీకెండ్ ప్లాన్లలో ఈమధ్య షూటింగ్ రేంజ్ కూడా చేరిపోయింది. ఒక ఫ్రెండ్ దగ్గర గన్ ఉంటుంది, లేకపోతే రేంజ్‌లోనే అద్దెకిస్తారు, నలుగురు కలిసి వెళ్తారు, ఫోటోలు దిగుతారు, ఇన్‌స్టాలో పెడతారు. ఇండియాలో లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే కేసవుతుందని తెలిసినవాళ్లే, ఇక్కడ స్పోర్ట్స్ సామాన్లు అమ్మే షాపులో రైఫిళ్లు వరసగా నిలబెట్టి ఉండడం చూసి "ఇక్కడ అందరికీ ఓకే" అనుకుంటున్నారు. అందరికీ ఓకే కాదు, ముఖ్యంగా వీసా మీద ఉన్నవాళ్లకి అస్సలు కాదు. ఆ విషయం లాయర్ దగ్గర కూర్చున్నాక తెలుసుకుంటే లాభం లేదు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. ఏ గన్ అనేదాని కన్నా, అది ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్తోంది అనేదే అమెరికా ఫెడరల్ చట్టం ఎక్కువగా పట్టించుకుంటుంది. మనకేమో ఒకరి పేరు మీద ఇంకొకరు కొనడం బాగా అలవాటు. "నాకు డిస్కౌంట్ ఉంది, తీసిపెడతా, తర్వాత జెల్ యాప్‌లో డబ్బు పంపు" అని ఫోన్లు, టీవీలు, సోఫాలు తెచ్చిపెడుతుంటాం. గన్ విషయంలో సరిగ్గా ఆ సాయమే నేరం.

ముందు మీ స్టేటస్ చూసుకోండి

ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, జె-1, విజిటర్ వీసా, వీటిలో దేని మీద దేశంలోకి వచ్చినా, ఫెడరల్ చట్టం ప్రకారం మీరు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొనడం ఒక్కటే తప్పనుకోకండి, దగ్గర ఉండడమే తప్పు. రేంజ్‌లో అద్దె గన్ చేతిలోకి తీసుకుని పది రౌండ్లు కాల్చినా ఆ పది నిమిషాలూ అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు, 2022కి ముందు అది 10 ఏళ్లు ఉండేది. గ్రీన్ కార్డు చేతికొచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు. కానీ గ్రీన్ కార్డుకి అప్లై చేసి ఈఏడీ (పనిచేసుకునే అనుమతి కార్డు) మాత్రమే వచ్చినవాళ్లు, ఇక మాకేం ఫర్వాలేదని మీకు మీరే తేల్చుకోకండి, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటివాళ్లకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. చాలా రాష్ట్రాల్లో అది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పెద్ద ఖర్చు కూడా కాదు. కొన్నిచోట్ల ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. రేంజ్‌కి వెళ్లే రోజున ఆ లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి, మీ పేరు మీదే ఉండాలి. ఫ్రెండ్‌కి ఉందిలే అంటే కుదరదు. గడువు ఎప్పుడు తీరుతుందో కూడా చూసుకోండి, చాలా రాష్ట్రాల లైసెన్సులు ఒక సీజన్ వరకే పనిచేస్తాయి.

"రేంజ్‌లో ఎవరు పట్టించుకుంటారండీ" అనేవాళ్లకి ఒక నిజమైన కేసు చెప్తాను. హమీద్ రెహైఫ్ అనే కుర్రాడు యూఏఈ నుంచి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాలో చదువుకోవడానికి వచ్చాడు. మార్కులు రాక యూనివర్సిటీ అతన్ని తీసేసింది, దాంతో స్టేటస్, అంటే దేశంలో చట్టబద్ధంగా ఉండే అర్హత, పోయింది. తర్వాత ఒక రేంజ్‌కి వెళ్లి రెండు గన్లు కాల్చాడు. ఎవరినీ ఏమీ చేయలేదు, అయినా ఫెడరల్ కేసు పెట్టారు, 18 నెలల శిక్ష పడింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019లో కోర్టు, తాను చట్టవిరుద్ధంగా దేశంలో ఉన్నట్టు నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వమే నిరూపించాలని చెప్పి ఆ శిక్షను పక్కన పెట్టింది. కానీ ఆ లోపు ఆ కుర్రాడి జీవితంలో పోయిన ఏళ్లు ఎవరూ తిరిగివ్వరు. చదువు ఆగిపోయిన స్టూడెంట్లు, ఓపీటీ (చదువయ్యాక పనిచేయడానికిచ్చే అనుమతి) అయిపోయినవాళ్లు, లేఆఫ్ తర్వాత 60 రోజుల గ్రేస్ పీరియడ్ దాటినవాళ్లు మనలో ఎంతమంది లేరు? స్టేటస్ పోతే మీకున్న హంటింగ్ లైసెన్స్ కూడా కాపాడదు.

ఇంకో సంగతి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకైనా సరే, గన్‌కి సంబంధించిన నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అది ఒక్కటే చాలు. సిటిజన్ అయిన ఫ్రెండ్ ఫైన్ కట్టి బయటపడే విషయంలో మీ ఇరవై ఏళ్ల అమెరికా జీవితం ముగిసిపోవచ్చు.

రూమ్మేట్‌కో, సిటిజన్ అయిన భర్తకో భార్యకో గన్ ఉండి మీరు వీసా మీద ఉంటే, అది తాళం వేసిన సేఫ్‌లో ఉండాలి, తాళం గానీ కోడ్ గానీ మీకు తెలియకూడదు. చేతిలో లేకపోయినా, కావాలనుకున్నప్పుడు తీసుకోగలిగేలా ఉంటే కోర్టులో దాన్ని మీ దగ్గర ఉన్నట్టే చూపించొచ్చు.

కొనేటప్పుడు ఏం జరుగుతుంది

లైసెన్సున్న డీలర్ దగ్గర కొంటే 4473 అనే ఫారం నింపాలి. హ్యాండ్‌గన్ అయితే 21 ఏళ్లు, రైఫిల్ లేదా షాట్‌గన్ అయితే 18 ఏళ్లు నిండి ఉండాలి, కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. ఫారంలో నేరచరిత్ర, గృహహింస కేసులు, డ్రగ్స్, వీసా స్టేటస్, అన్నిటి గురించీ అడుగుతారు. గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టంలో కాదని ఆ ఫారం మీదే హెచ్చరిక ఉంటుంది, అది చదవకుండా టిక్కులు పెట్టేసేవాళ్లు చాలామంది. తర్వాత డీలర్ ఎఫ్‌బీఐ నడిపే బ్యాక్‌గ్రౌండ్ చెక్ వ్యవస్థని అడుగుతాడు, కొన్ని రాష్ట్రాల్లో రాష్ట్ర పోలీసుల ద్వారా జరుగుతుంది. ఎక్కువసార్లు నిమిషాల్లో జవాబొస్తుంది.

రాకపోతే? మూడు పనిదినాలు గడిచినా ఎఫ్‌బీఐ తేల్చకపోతే, ఫెడరల్ చట్టం ప్రకారం డీలర్ గన్ ఇచ్చేయొచ్చు. 2015లో చార్ల్స్‌టన్‌లోని నల్లజాతీయుల చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడికి గన్ ఇలాగే దొరికింది. అతని పాత డ్రగ్స్ కేసు రికార్డు సమయానికి దొరక్కపోవడంతో గడువు దాటిపోయింది, అది తమ వైపు పొరపాటేనని ఎఫ్‌బీఐ డైరెక్టరే ఒప్పుకున్నాడు. ఉవాల్డీ స్కూల్ కాల్పుల తర్వాత 2022లో వచ్చిన చట్టం 21 ఏళ్లలోపు వాళ్ల విషయంలో మాత్రం, అవసరమైతే ఈ గడువును పది పనిదినాల దాకా పెంచింది. గన్ కంట్రోల్ మీద వాదన విన్నప్పుడల్లా ఈ మూడు రోజుల సంగతి గుర్తుంచుకోండి. కొత్త చట్టం కావాలా వద్దా అన్న గొడవలో సగం, ఉన్న చట్టంలోని ఇలాంటి సందుల గురించే.

ఇంకొకరి కోసం కొనొద్దు, ఎవరడిగినా సరే

ఆ 4473 ఫారంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, అసలు కొంటున్నది మీరేనా అని. అబద్ధం చెప్పి ఇంకొకరి కోసం కొంటే దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. దొంగ గన్ల మార్కెట్‌లోకి సరుకు వెళ్లే పెద్ద దారుల్లో ఇదొకటి. రికార్డు శుభ్రంగా ఉన్నవాడు కౌంటర్ దగ్గర నిలబడతాడు, గన్ మాత్రం పార్కింగ్‌లో చేతులు మారుతుంది.

దీని మీద మనందరం చదవాల్సిన కేసు అబ్రాంస్కీది. వర్జీనియాలో ఉండే మాజీ పోలీసు. పెన్సిల్వేనియాలో ఉన్న వాళ్ల అంకుల్ గ్లాక్ 19 అనే హ్యాండ్‌గన్ కొనుక్కుందామనుకున్నాడు. పోలీసు డిస్కౌంట్ వస్తుంది కదా, నేను తీస్తానన్నాడు ఇతను. అంకుల్ 400 డాలర్ల చెక్కు పంపాడు, చెక్కు కింద మెమో గీత మీద "గ్లాక్ 19 హ్యాండ్‌గన్" అని కూడా రాశాడు. ఇతను షాపులో కొనేది తన కోసమేనని టిక్కు పెట్టాడు. తర్వాత దొంగతనంగా కూడా ఇవ్వలేదు, పెన్సిల్వేనియాలో ఇంకో లైసెన్స్ డీలర్ ద్వారా, అంకుల్‌కి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించి మరీ ఇచ్చాడు. అంకుల్‌కి గన్ ఉండడానికి ఏ అడ్డూ లేదు. అయినా శిక్ష పడింది, 2014లో సుప్రీంకోర్టు 5-4తో దాన్ని సమర్థించింది. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరికీ అర్హత ఉంది, కాగితాలన్నీ ఉన్నాయి, మధ్యలో ఒక్క అబద్ధం. మనింట్లో బాబాయి అడిగితే "సరే బాబాయ్, నా పేరు మీద తీస్తా" అనడానికి మనం ఒక్క క్షణం కూడా ఆలోచించం. అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

2022 చట్టంతో స్ట్రా పర్చేజ్ విడిగా ఒక ఫెడరల్ నేరమైంది. 15 ఏళ్ల దాకా శిక్ష, ఆ గన్ డ్రగ్స్ వ్యాపారానికో ఉగ్రవాదానికో వాడతారని తెలిసి కొనిస్తే 25 ఏళ్ల దాకా. మరి పుట్టినరోజుకి భర్తకి గిఫ్ట్ ఇవ్వొచ్చా? మీ సొంత డబ్బుతో, ఆయన దగ్గర పైసా తీసుకోకుండా, ఆయనకి గన్ ఉండడానికి అర్హత ఉందని తెలిసి కొంటే అది నిజమైన గిఫ్టే. రాష్ట్ర నియమాలు మాత్రం విడిగా చూసుకోవాలి. డబ్బు ముందో తర్వాతో ఆయన దగ్గర్నుంచి మీకొచ్చిందంటే అది గిఫ్ట్ కాదు.

షాపు బయట కొనడం

ఇక్కడే అసలు గొడవంతా. బ్యాక్‌గ్రౌండ్ చెక్ బాధ్యతని ఫెడరల్ చట్టం లైసెన్స్ డీలర్ మీదే పెట్టింది. వ్యాపారంగా కాకుండా తన సొంత గన్ అమ్ముకునే మనిషి అదే రాష్ట్రంలో ఉన్న ఇంకొకరికి అమ్మితే ఫెడరల్‌గా చెక్ అక్కర్లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, వాషింగ్టన్, కొలరాడో లాంటి రాష్ట్రాలు సొంత చట్టంతో ఈ సందు మూసేశాయి. టెక్సాస్, జార్జియా మూయలేదు. కాబట్టి కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉన్న ఫ్రెండ్ చెప్పింది టెక్సాస్ ఫ్రిస్కోలో పనికిరాదు, ఫ్రిస్కోలో నడిచింది న్యూజెర్సీ ఎడిసన్‌లో జైలుకి పంపుతుంది. రాష్ట్రం దాటితే మాత్రం ఎక్కడైనా ఒకటే, ప్రైవేటు అమ్మకమైనా మధ్యలో లైసెన్స్ డీలర్ ఉండాల్సిందే.

మీ రాష్ట్రంలో చెక్ తప్పనిసరి కాకపోయినా చేయించుకోండి. అమ్మేవాడూ మీరూ కలిసి దగ్గర్లోని డీలర్ దగ్గరికి వెళ్లి, కొంత ఫీజు కట్టి, ఆయన ద్వారా బదిలీ చేయించుకోవచ్చు. దానికి ఒప్పుకోనివాడి దగ్గర కొనొద్దు. సీరియల్ నంబర్ గీకేసి ఉంటే చేతిలోకి కూడా తీసుకోకండి, అలాంటిదని తెలిసి దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఇంట్లో కిట్ తెప్పించుకుని బిగించుకునే నంబర్ లేని గన్లు, ఘోస్ట్ గన్స్ అంటారు, వాటి కిట్లను మామూలు గన్ల లాగే నియంత్రించొచ్చన్న నిబంధనని 2025 మార్చిలో సుప్రీంకోర్టు 7-2తో నిలబెట్టింది.

మీ గన్ మీరు అమ్మాల్సి వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. ఇండియాకి తిరిగెళ్లిపోతూ హడావుడిగా వాట్సాప్ గ్రూపులో కారు, మంచం, టీవీతో పాటు గన్ కూడా లిస్టులో పెట్టకండి. ఆ గ్రూపులో సగం మంది వీసా మీద ఉన్నవాళ్లే. డీలర్‌కి అమ్మేయండి, ధర కొంచెం తగ్గినా ఫర్వాలేదు. "కొన్నాళ్లు దాచిపెట్టు" అని ఫ్రెండ్‌కి ఇవ్వడం కూడా చేతులు మారడమే. ఇంకో మాట, రేంజ్‌కి వాడిన బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడొద్దు. అడుగున మర్చిపోయిన ఒక్క బుల్లెట్ శంషాబాద్‌లో దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.

కారులో గన్‌తో రాష్ట్రాలు దాటేవాళ్లు న్యూజెర్సీ దగ్గర జాగ్రత్త. 2013లో ఫిలడెల్ఫియాకి చెందిన ఒక తల్లి, పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది కదా అని గన్‌తో న్యూజెర్సీలోకి వచ్చింది. ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడు తనంతట తానే నా దగ్గర గన్ ఉందని చెప్పింది, అరెస్టు చేశారు. చివరికి గవర్నర్ క్షమాభిక్ష పెడితే గానీ పూర్తిగా బయటపడలేదు. ఒక రాష్ట్రం పర్మిట్ ఇంకో రాష్ట్రం గుర్తించాలని లేదు. కేవలం దాటి వెళ్తున్నప్పుడు గన్ ఖాళీ చేసి, తాళం వేసిన పెట్టెలో డిక్కీలో, బుల్లెట్లు కూడా చేతికందని చోట ఉంటేనే ఫెడరల్ చట్టం కాపాడుతుంది.

షాపు, హోటల్, గుడి నడిపేవాళ్లకి

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అడ్డేమీ లేనివాళ్లు పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరగొచ్చు. మీ రెస్టారెంట్‌లోకో గుడిలోకో గన్‌తో రావొద్దనాలంటే, గన్ బొమ్మకి అడ్డగీత కొట్టిన స్టిక్కర్ అతికిస్తే సరిపోదు. లైసెన్సు ఉన్నవాళ్లని ఆపాలంటే, దాచుకుని తెచ్చేవాళ్ల కోసం 30.06, బయటికి కనిపించేలా తెచ్చేవాళ్ల కోసం 30.07 అనే బోర్డులు పెట్టాలి. చట్టంలో ఇచ్చిన వాక్యమే ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి, అక్షరాలు కనీసం అంగుళం ఎత్తు, రంగు కొట్టొచ్చినట్టు కనపడాలి. లైసెన్సు లేకుండా తెచ్చేవాళ్ల కోసం 30.05 అని ఇంకోటుంది. ఉగాది కార్యక్రమానికి వెయ్యి మంది వచ్చే హాలుకి అలంకరణ కన్నా ముందు చూసుకోవాల్సింది ఇది.

ఇంట్లో ఉంటే

2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 ఆత్మహత్యలు. టీవీలో చూపించేవి మాల్ కాల్పులు, స్కూల్ కాల్పులు. 2023 మేలో అలెన్ మాల్‌లో పోయినవాళ్లలో మన తెలుగమ్మాయి కూడా ఉంది, ఆ బాధ డల్లాస్‌లో ఎవరూ మర్చిపోలేదు. కానీ లెక్క ప్రకారం ఎక్కువమంది పోయేది తమ గన్‌తోనో ఇంట్లోవాళ్ల గన్‌తోనో, తమ చేతులతోనే. జాబ్ పోయి, లోన్ ఈఎంఐ మీద పడి, ఇంటికి ఫోన్ చేసి చెప్పుకోలేక టెన్షన్‌తో నలిగిపోతున్న రూమ్మేట్ ఉన్న ఇంట్లో గన్ ఉండకూడదు. మొహమాటపడకుండా అడిగి బయటికి పంపించేయండి, చట్టప్రకారం ఎక్కడ పెట్టొచ్చో డీలర్‌ని గానీ స్థానిక పోలీసుల్ని గానీ అడగండి. అలాంటి మనిషి పక్కన ఉంటే ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్లకి సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి కాల్ చేయొచ్చు, మెసేజ్ చేయొచ్చు, ఎప్పుడైనా పలుకుతారు, వీసాతో సంబంధం లేదు.

పిల్లలు ఆడుకోవడానికి ఇంకొకరింటికి వెళ్తున్నారంటే, కుక్క ఉందా అని అడుగుతాం కదా, గన్ ఉందా, తాళంలో ఉందా అని కూడా అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని ఆగిపోవద్దు. మీ ఇంట్లో ఉంటే గన్ ఖాళీగా, తాళంలో, బుల్లెట్లు వేరే తాళంలో. శుభ్రం చేసేముందు ఛాంబర్ (పేలే బుల్లెట్ ఉండే చోటు) తెరిచి కళ్లతో చూడండి, వేలు పెట్టి తడిమి చూడండి. 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి గన్ శుభ్రం చేస్తుండగా పేలి ప్రాణం పోయింది.

వాదన వినేటప్పుడు

గన్ హక్కుల వైపు వాళ్లు, నేరగాళ్లు చట్టం పాటించరు కదా, చట్టాలు మమ్మల్నే కట్టేస్తాయి అంటారు. నియంత్రణ కావాలనేవాళ్లు, ఆ నేరగాళ్ల చేతిలోని గన్ కూడా దాదాపు ఎప్పుడూ ఎక్కడో ఒక షాపులో చట్టప్రకారం అమ్మిందే కదా అంటారు. రెండిట్లోనూ నిజముంది. 2016లో ఖైదీలని అడిగి న్యాయశాఖ గణాంక విభాగం చేసిన సర్వేలో, నేరం చేసినప్పుడు దగ్గర గన్ ఉన్నవాళ్లలో సుమారు 43 శాతం అది వీధిలో, దొంగ మార్కెట్‌లో సంపాదించామన్నారు. దాదాపు పావు వంతు మంది బంధువులో స్నేహితులో ఇచ్చారన్నారు. గన్ షోలో, అంటే గన్లు అమ్మే సంతలాంటి ప్రదర్శనలో, కొన్నవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. అంటే గన్ షోల గురించి అరిచేవాళ్లూ, అసలు అమ్మకాల మీద చట్టమే వద్దనేవాళ్లూ ఇద్దరూ అసలు చోటు వదిలేస్తున్నారని నాకనిపిస్తుంది. మొదటి అమ్మకం కన్నా రెండో చేతి దగ్గరే చట్టం పట్టు తప్పుతోంది, నేనైతే అన్ని రాష్ట్రాల్లోనూ ప్రైవేటు అమ్మకాలకి చెక్ ఉండాలనే అంటాను.

నేరం జరిగిన చోట దొరికిన గన్ ఎవరిదో కనుక్కోవాలంటే పని వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో, గన్ల చట్టాలు అమలుచేసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ నడిపే ట్రేసింగ్ సెంటర్‌లో జరుగుతుంది. 1986 చట్టం ఫెడరల్ గన్ రిజిస్ట్రీని నిషేధించింది కాబట్టి పేరు కొడితే వివరాలొచ్చే డేటాబేస్ అక్కడ లేదు. తయారీదారుకి ఫోన్ చేసి, అక్కడ్నుంచి హోల్‌సేలర్‌కి, అక్కడ్నుంచి షాపుకి, షాపు మూతపడి ఉంటే పెట్టెల్లో వచ్చిన పాత కాగితాల స్కాన్లు ఒక్కొక్కటీ తిప్పి చూసుకోవాలి. అదంతా చేస్తే దొరికేది మొదట కొన్నవాడి పేరే. చెక్ లేని రాష్ట్రంలో వాడు "ఎవరికో అమ్మేశాను" అంటే దారి అక్కడితో ఆగిపోతుంది. జార్జియా, కరోలినాల్లో కొన్న గన్లు ఐ-95 రోడ్డు మీదుగా న్యూయార్క్ చేరేది ఇలాగే, ఆ రోడ్డుకి ఐరన్ పైప్‌లైన్ అని పేరే పెట్టారు.

సిటిజన్ అయినవాళ్లు ఓటేసేటప్పుడు ప్రెసిడెంట్ ఒక్కరినే చూడకుండా రాష్ట్ర అసెంబ్లీకి నిలబడ్డవాళ్లని ఈ ప్రశ్న అడగండి, ఎందుకంటే ప్రైవేటు అమ్మకాల చట్టం మారేది ఎక్కువగా అక్కడే.

గ్యాస్ స్టేషన్‌లో, లిక్కర్ స్టోర్‌లో రాత్రి షిఫ్టు చేసే పిల్లలకి చివరిగా ఒకటి. రక్షణకి ఉంటుంది, గన్ 200 డాలర్లకి ఇస్తా, క్యాష్ చాలు అని ఎవడైనా కౌంటర్ దగ్గరికొస్తే చేతిలోకి తీసుకుని చూడొద్దు, బేరమాడొద్దు, వాదన కూడా పెట్టుకోవద్దు. ఓనర్ ఒప్పుకోడని చెప్పి పంపించేయండి. వాడు వెళ్లాక కారు నంబర్, టైము, కెమెరాలో ఎక్కడ పడ్డాడో రాసిపెట్టుకుని ఓనర్‌కి చెప్పండి. ప్రమాదం అనిపిస్తే వెంటనే 911, లేదంటే ఏటీఎఫ్ టిప్ లైన్ 888-283-8477కి చెప్పొచ్చు, పేరు ఇవ్వక్కర్లేదు.